ఒక్కసారి చూస్తే చాలు

"ఆ బ్రేకు ఎన్నిసార్లు చూశావయ్యా?"

"మూడుసార్లేనండి."

"మూడుసార్లే! ఇంకా తక్కువైందా?" మేనేజరు చేతిలోని ఫైలు బల్లమీద పడేశాడు. "మిగతా మెకానిక్కులు గంటలో తేల్చే లిఫ్టుకి నీకు నాలుగు గంటలు! జనం ఫోన్లు చేసి నా ప్రాణం తోడేస్తున్నారు."

లిఫ్టులు బాగుచేసే ఆ కంపెనీలో ఈ మెకానిక్కుని అందరూ అనుమానం బాబాయ్ అంటారు. పాతికేళ్ళ సర్వీసు. బ్రేకు చూస్తాడు, తాడు చూస్తాడు, తలుపు గడి చూస్తాడు. మళ్ళీ మొదటినుంచి చూస్తాడు. తర్వాత తనే ఎక్కి పైకీ కిందికీ రెండుసార్లు తిరుగుతాడు. సంతకం పెట్టి గేటుదాకా వెళ్ళి, ఏదో గుర్తొచ్చినట్టు వెనక్కొస్తాడు. ఇంట్లో గ్యాసు సంగతీ అంతే. ఇలాంటి మనిషితో కాపురం చేస్తున్న ఆ ఇల్లాలికి దండం పెట్టాలి.

"పడిపోతుందేమోనని భయమండి," నసిగాడు బాబాయ్.

"పాతికేళ్ళలో నువ్వు చూసింది ఒక్కటైనా పడిందా?"

"లేదండి."

"మరి దేనికయ్యా ఈ ఏడుపు?"

దీనికి జవాబు బాబాయ్ దగ్గర ఉంది. చెప్పే ధైర్యమే లేదు.

"ఇది జబ్బయ్యా. ఆందోళన తగ్గించే క్లాసుకి పంపిస్తున్నా, మూడు రోజులు. నయం చేసుకుని వస్తే ఉద్యోగం, లేకపోతే ఇంట్లో కూర్చో."

ఇంటికెళ్ళి ఆ మాట చెప్పగానే బాబాయ్ భార్య చేతిలో గరిటె పక్కన పెట్టేసింది. "యాభై దాటాక తీసేస్తే ఇంకెవరు రమ్మంటారండీ? వాళ్ళేం చెప్తే అది బుద్ధిగా వినండి. ఎదురు ప్రశ్నలు వెయ్యకండి, మీకు పుణ్యముంటుంది."

క్లాసు చెప్పే పెద్దమనిషికి తెల్ల బూట్లూ, తేనె పూసిన గొంతూ ఉన్నాయి. పుట్టి బుద్ధెరిగి స్క్రూ ఒకటి బిగించిన మొహం కాదు.

"మిమ్మల్ని వేధించే ఆలోచనేమిటి సార్?"

"తాడు తెగుతుందేమోనని."

"ఆహా! ఆ తాడు మీ మనసులో ఉంది సార్."

"కాదండి, లిఫ్టుకే ఉంది. ఇనప తాడు."

క్లాసంతా నవ్వింది. భార్య మాట గుర్తొచ్చి బాబాయ్ నోరు మూసుకున్నాడు.

"ఒక్కసారి చూస్తే చాలు సార్. తర్వాత కళ్ళు మూసుకుని, గట్టిగా ఊపిరి పీల్చి, అంతా బాగానే ఉంది అనుకోండి. అనుకుంటే బాగానే ఉంటుంది!"

ఇంత సులువైన వైద్యం ఉందని తెలియక కంపెనీలు అనవసరంగా మెకానిక్కుల్ని మేపుతున్నాయి.

మూడు రోజులూ బాబాయ్ బుద్ధిగా ఊపిరి పీల్చాడు. నాలుగోరోజు పనిలోకి వెళ్ళి, బ్రేకు ఒక్కసారి చూశాడు. రెండోసారి చూడమని చేతులు దురదపెడుతుంటే, వాటిని జేబుల్లో కుక్కి కళ్ళు మూసుకున్నాడు. వారం తిరిగేసరికి ఆ దురద పోయింది. రెండో వారం పని చేస్తూ ఈల వేశాడు. ఇంట్లో గ్యాసు కట్టేసిందీ లేనిదీ చూడకుండానే గురకపెట్టి నిద్రపోయాడు. ఆ గురక విని అతని భార్యకి సంతోషంతో కళ్ళనీళ్ళొచ్చాయి. ఉద్యోగం నిలబడినట్టే.

నెలాఖరున మేనేజరు అందర్నీ పిలిచి, బాబాయ్ భుజమ్మీద చెయ్యి వేశాడు.

"చూశారా, తలుచుకుంటే మనిషి మారడూ? ఇవాళ ఎంతసేపట్లో ముగించావు బాబాయ్?"

"నలభై నిమిషాలండి. ఒక్కసారే చూశాను."

"భేష్! నీ ఉద్యోగానికి ఇక ఢోకా లేదు. నాది పూచీ."

అందరూ చప్పట్లు కొట్టారు. మొన్నటిదాకా ఆయన్ని వెక్కిరించినవాళ్ళే ఇంకాస్త గట్టిగా కొట్టారు.

"ఇంతకీ ఏ లిఫ్టు?"

"మీ అపార్టుమెంటుదేనండి."

మేనేజరు ఇంకోసారి భేష్ అన్నాడు, కాస్త నెమ్మదిగా.

సాయంత్రం మేనేజరు ఇంటికి చేరేసరికి, ఆయన భార్య కూరగాయల సంచులతో లిఫ్టులో నిలబడి, తలుపు మూసుకోకుండా మీట నొక్కి పట్టుకుంది.

"త్వరగా రండి, ఎంతసేపు పట్టుకోను?"

"నువ్వు బయటికి రా."

"అదేమిటి? మనది తొమ్మిదో అంతస్తండీ!"

"రమ్మంటున్నానా!" చెయ్యి పట్టుకుని ఇవతలికి లాగి, సంచులు రెండూ తనే అందుకున్నాడు.

"మీకేమైనా పిచ్చా? ఈ లిఫ్టు చూసేది బాబాయే కదా? ఆయనైతేనే నమ్మకమని, పదేళ్ళుగా మీరే పట్టుబట్టి మరీ ఆయన్నే వేయించుకుంటున్నారుగా!"

మేనేజరు మెట్లవైపు నడిచాడు.

"ఆయనకి నయమైపోయింది."