పులి వదిలేసిన మాత్ర

పిల్లలు పుడితే ఉంచడానికి బోన్లు లేవని, మా జూలో ఆడపులికి పదేళ్లు రోజూ మాంసంలో గర్భం రాకుండా మాత్ర దాచి పెట్టించారు డాక్టరుగారు. పెట్టింది నా చేత్తోనే. పొట్ట కింద గడ్డలు తేలాయని మొత్తుకుంటే, డాక్టరుగారు "వయసైపోయిందిలేవోయ్" అని కొట్టిపారేశారు. ఆ మాత్రల వల్లే వచ్చిన క్యాన్సరని తేలేసరికి చేయడానికేమీ మిగల్లేదు. ఈ సాయంత్రం పోయింది.

రాత్రి బోను కడగడానికి వెళ్లాను. తీరా చూస్తే, అలవాటుకొద్దీ చేతిలో మాంసం బకెట్, ముక్కలో మాత్ర! ఒళ్లు మండి, ఆ ముక్కను ఖాళీ బోనులోకి విసిరికొట్టి నీళ్ల పైపు కోసం వెళ్లాను.

తిరిగొచ్చేసరికి మాంసం లేదు. మాత్ర మాత్రం నేలమీద తడితడిగా ఉంది.

‘ముసలితనంతో మృతి’ అని రాసిన కాగితం మీద నా సంతకం కోసం డాక్టరుగారు వచ్చారు. మాత్ర చూపించాను.

"మతిపోయిందా నీకు? ఏ ఎలకో లాక్కెళ్లుంటుంది."

విసుక్కుంటూ బోను లోపలికెళ్లి మాత్ర మీదికి వంగారు. చీకటి మూలలో గరుకు నాలుకేదో నేలను నాకుతున్న చప్పుడు. బయట గొళ్లెం దానంతటదే పడింది.

"ఒరేయ్, తలుపు తియ్యరా!"

పదేళ్లు మాత్ర పెట్టిన నా చెయ్యి, గొళ్లెం తీయడానికి రాలేదు.