బావగారి సీసా

నేను కథ చెబితే చీమ ఏనుగవుతుందని నా వెనకాల అనుకుంటారు. అననివ్వండి. ఈ కథలో మాత్రం ఆవగింజంత అబద్ధం లేదు. ఉందని తేలితే మీసం తీసేస్తాను.

ఇద్దరు వియ్యంకులు. పిల్లాడి తండ్రి దర్జీ, పిల్ల తండ్రి రైలు గార్డు. పనులు మానేశాక ఇద్దరూ పిల్లల దగ్గరే, మూడో అంతస్తులో, ఒకే గదిలో చెరో మంచం వేసుకున్నారు. ఇద్దరికీ గుండె రక్తనాళాలు సన్నబడ్డాయి.

"ఇచ్చిపుచ్చుకోవడాల్లో ఇదొకటి ఉందని ముందే చెప్పాల్సింది బావగారూ," అనేవాడు గార్డు.

ఆసుపత్రిలో ఒక కొత్త మందు మీద పరిశోధన మొదలైంది. చేరినవాళ్ళలో సగం మందికి అసలు మందు, మిగతా సగానికి అచ్చం అలాగే ఉండే పిండిబిళ్ళలు. ఎవరి సీసాలో ఏముందో మింగేవాడికీ తెలీదు, ఇచ్చే డాక్టరమ్మకీ తెలీదు. వియ్యంకులిద్దరూ చేరారు. నెలనెలా చెరో కొత్త సీసా వచ్చేది.

రెండు నెలలు తిరక్కుండానే గార్డు ఈల వేసుకుంటూ మెట్లెక్కడం మొదలుపెట్టాడు. దర్జీ మాత్రం రెండో అంతస్తు మలుపులో గోడకు ఆనుకుని, ఛాతీ మీద అరచెయ్యి వేసుకుని నిలబడిపోయేవాడు.

"రావాలి బావగారూ, బండి కదిలిపోతోంది," పైనుంచి గార్డు.

"మీ సీసాలో అసలు మందు పడ్డట్టుంది."

"మొహం చూసి ఇచ్చారు. అందగాణ్ణి కదా," అని గార్డు మీసం దువ్వుకున్నాడు.

ఆ మాటకొస్తే గార్డు నిజంగానే అందగాడు. ఇందులోనూ అబద్ధం లేదు.

దర్జీకి చావంటే భయం. మనవరాలు ఇంకా మాటలు కూడగట్టుకుంటోంది. "తాత" అనే మాట దాకా రాలేదు. అది వినకుండా పోతానేమోనని దిగులు.

ఆ నెల సీసాలొచ్చిన మధ్యాహ్నం ఇంట్లో ఎవరూ లేరు. గార్డు గోడవైపు తిరిగి పడుకుని గురక పెడుతున్నాడు. అదేం గురక! కిటికీ అద్దాలు గలగలలాడాయి. కింది వాటావాళ్ళు ఏదో బండి వచ్చి ఆగిందనుకుని తలుపు తీసి చూశారు. ఆ చప్పుడు చాటున దర్జీ రెండు సీసాల మూతలు తిప్పాడు. తన బిళ్ళలు రుమాల్లో పోసుకుని, గార్డువి తన సీసాలోకి వంచి, రుమాల్లోవి గార్డు సీసాలో నింపాడు. ఒక్క బిళ్ళ జారలేదు. గుండీలతో బతికిన వేళ్ళు మరి.

వారం తిరిగేసరికి దర్జీ మలుపులో ఆగకుండా పైకొచ్చాడు. ఆనందంతో వెనక్కి తిరిగి చూస్తే గార్డు కింద మెట్టు మీద కూర్చుని రొప్పుతున్నాడు. ఈల ఆగిపోయింది.

దర్జీ దిగివెళ్ళి, చెయ్యి పట్టుకుని ఆయన్ని పైకి తీసుకొచ్చాడు.

"మామయ్యా, నాన్న మళ్ళీ మెట్ల మీద కూలబడ్డాడు," అంది కోడలు, ఆయన కంచంలో వడ్డిస్తూ. "మీరు కోలుకున్నారని నవ్వాలో, ఆయన్ని చూసి ఏడవాలో తెలియట్లేదు."

దర్జీ కలిపిన ముద్ద కంచంలోనే వదిలేసి లేచాడు. వచ్చే నెల చచ్చినా మార్చకూడదని ఒట్టు పెట్టుకున్నాడు. వచ్చే నెల సీసాలొచ్చాయి, గార్డు గురక అందుకున్నాడు, దర్జీ వేళ్ళు ఒట్టునూ పట్టించుకోలేదు, ఆయన్నీ పట్టించుకోలేదు.

పాపానికి బదులుగా వియ్యంకుడికి మంచి చొక్కా కుట్టడానికి కూర్చున్నాడు. చంకల దగ్గర కుదరలేదని విప్పి మళ్ళీ కుట్టాడు.

"ఏమిటి బావగారూ ఈ ప్రేమ? నేను పోతానని డాక్టరమ్మ గానీ చెవిలో చెప్పిందా?"

సూది దర్జీ వేల్లో దిగింది.

ఆ చొక్కా వేసుకునే గార్డు పరీక్షకు వచ్చాడు. ట్రెడ్‌మిల్ దిగి గుండీలు పెట్టుకుంటుంటే, దర్జీ ఇక ఆగలేకపోయాడు. డాక్టరమ్మ ముందు నిలబడి భయం, రుమాలు, మూతలు, ఒట్టు, అన్నీ కక్కేశాడు.

"నేను దొంగనమ్మా. ఆయన ప్రాణం నేను మింగుతున్నాను. ముందు ఆయన్ని బతికించండి."

గార్డు గుండీ మీద చెయ్యి అలాగే ఉంచి నేలవైపు చూశాడు.

"పెద్దాయనా, మీ ఒక్కరి పనికి మా పరిశోధన మొత్తం పాడవుతుంది," అని డాక్టరమ్మ మండిపడింది. తర్వాత, సీసాల గుట్టు తెలిసిన ఆఫీసుకి ఫోను చేసింది. విన్నది రెండోసారి చెప్పించుకుని పెట్టేసింది.

"మొదట్నుంచీ అసలు మందు వస్తోంది మీ పేరు మీద. ఆయనకొస్తున్నవి పిండిబిళ్ళలు."

"అంటే..."

"మీరు దొంగిలించి మింగింది పిండి. మందు ఆయన సీసాలో పోశారు."

దర్జీ గార్డు వైపు వేలు చూపించాడు. "మరి మందు పడుతుంటే ఆయనెందుకమ్మా అలా అయిపోయాడు?"

"నాకూ అదే అంతుపట్టట్లేదు. ఇప్పుడే ట్రెడ్‌మిల్ మీద పోయినసారికంటే బాగా నడిచారు. మీ మెట్ల మీదే ఎందుకు రొప్పుతున్నారో ఆయన్నే అడగండి."

గార్డు తల ఎత్తలేదు. "చొక్కా బిగుతేమో," అన్నాడు మెల్లగా.

అంతా జరిగింది జరిగినట్టే చెప్పాను గానీ, మంగలిని పిలవండి, ఒక్కటి మాత్రం కల్పించాను: మూతలు తిప్పడం అయ్యేదాకా బావగారు బెదిరిపోకుండా, కళ్ళు మూసుకుని మేలుకునే పెట్టాను ఆ గురక.