దొరసాని పడకగది

“మళ్లీ ఎవరో పడుకున్నారు. నువ్వు కాకపోతే ఇంకెవరు?” అన్నాడు మేనేజరు.

గదులు ఊడ్చే ఆమె చీపురు గోడకు ఆనించి మంచం వంక చూసింది. నిన్న సాయంత్రం తన చేత్తోనే దుప్పటి ముడత లేకుండా పరిచింది. ఇప్పుడు గోడ వైపు పరుపు మనిషి ఒళ్లంత మేర గుంటపడి ఉంది. ఆ వైపు దిండు కూడా నలిగి ఉంది.

“నేను కాదు సార్. నాకూ ఓ ఇల్లుంది, అందులో మంచముంది.”

“చూడమ్మా, దొరసాని పోతూ పోతూ ఎస్టేటంతా జనానికి రాసిచ్చేసింది. తోటలో ఆడుకోమంది, చెరువు గట్టున కూర్చోమంది. ఈ గది మాత్రం తను ఉన్నప్పుడు ఎలా ఉందో అలాగే ఉంచమంది. అందుకే మంచం చుట్టూ తాడు కట్టాం. ఇంకోసారి ఇలా జరిగితే నువ్వు పనిలోకి రానక్కర్లేదు.”

ఆమె ముఖం పాలిపోయింది. “నా కడుపు మీద కొట్టకండి సార్. పడుకునేది ఆవిడే. ఎప్పుడూ గోడ వైపే. ఇటు పక్క ఎవరికోసమో ఖాళీగా వదిలేస్తుంది.”

మేనేజరుకు నవ్వొచ్చింది.

“చచ్చినావిడకి మర్యాదలు కూడానా” అంటూ తాడు దాటి, బూట్లు విప్పి, ఆ ఖాళీ వైపున వెల్లకిలా పడుకున్నాడు.

“లేవండి సార్. మీకు దండం పెడతాను.”

“ఏం, నన్నెవరైనా కరిచారా?”

పరుపు మెత్తగా, చల్లగా ఉంది. కింద పచ్చికలో ఆడుకుంటున్న పిల్లల కేకలు ఎక్కడో దూరం నుంచి వస్తున్నట్టున్నాయి. లేవబుద్ధి కాలేదు. ఎలాగో బలవంతాన లేచాడు.

సాయంత్రం జనం వెళ్లిపోయాక దగ్గరుండి దుప్పటి సర్దించాడు. తలుపుకు కొత్త తాళం వేసి, తాళంచెవులు జేబులో పడేసుకున్నాడు.

“దొంగెవరో రేపు తేలిపోతుంది” అని ఇంటికి బయల్దేరాడు.

పొద్దున్న ఆమె వచ్చేసరికి అతను అప్పటికే గది ముందు నిలబడి ఉన్నాడు. జుట్టు రేగిపోయి ఉంది. ముఖం మాత్రం తేటగా ఉంది.

“పెందలాడే వచ్చేశారే సార్.”

“రాత్రి ఒళ్లెరగని నిద్ర పట్టిందమ్మా. ఇన్నేళ్లలో అంత హాయిగా ఎన్నడూ పడుకోలేదు” అంటూ తాళం తీశాడు.

గోడ వైపు గుంట ఎప్పటిలాగే ఉంది. దాని పక్కనే ఇంకో గుంట. ఆమె భయపడుతూనే వంగి చెయ్యి ఆనించింది.

“సార్, ఇటు పక్క ఇంకా వెచ్చగా ఉంది.”

అంతలో అతని జేబులో ఫోన్ మోగింది. భార్య. ఏడ్చి ఏడ్చి గొంతు బొంగురుపోయింది.

“రాత్రి ఇంటికెందుకు రాలేదండీ? ఫోన్ చేస్తే ఎవరో ఆడమనిషి ఎత్తి, ‘ఇప్పుడే నిద్రపోయారు, లేపను’ అంది. ఎవరావిడ?”