అన్న మంచం మీద, చెల్లెలు మంచు మీద

"మీరు బయల్దేరితేనే మింగుతాను" అన్నాడు అన్నయ్య. మాత్ర ఇంకా అరచేతిలోనే ఉంది.

చెల్లెలు నీళ్ళ గ్లాసుతో నిలబడింది. ఆవిడకి అరవై దాటాయి. అయినా రెండు వీధుల అవతల ఉన్న ఈ ఇంటికొచ్చి, ఈ మంచం దగ్గర నిలబడేసరికి, రెండు జడల పిల్లయిపోతుంది.

దుకాణాలకి బోర్డులు రాసి రాసి, ఆ రంగుల ఘాటు పీల్చి పీల్చి, అన్నయ్య ఊపిరితిత్తులు పాడుచేసుకున్నాడు. కొత్త మందు వాడితే ఏడాది గట్టెక్కవచ్చన్నాడు డాక్టరు. లేకపోతే ఎండాకాలం కూడా దాటడన్నాడు. ఆ మందు ఖరీదు వింటే ఆరోగ్యంగా ఉన్నవాడికీ ఆయాసం వస్తుంది. అదంతా ఇన్సూరెన్సు వాళ్ళే చూసుకుంటారని చెల్లెలు అన్నయ్యని నమ్మించింది.

ఆయన పట్టు వేరే. చెల్లెలూ బావగారూ బతుకంతా ఫోటో స్టూడియోలోనే గడిపేశారు. మొన్నే దాన్ని అమ్మేసి, కొన్నవాళ్ళు వద్దన్న పాత సామాను ఇంటికి తెచ్చుకుని రిటైరయ్యారు. ఇక దేశాలు తిరగాలని ఎన్నేళ్ళ కలో.

"మీరిద్దరూ నా మంచంకోడు పట్టుకుని కూర్చుంటే ఒక్క మాత్ర ముట్టను. సముద్రంతో మొదలెట్టండి. ఫోటో వస్తేనే మాత్ర."

మొండితనంలో ఇద్దరూ ఒకే కొమ్మకి కాసిన కాయలు. ఈసారి చెల్లెలే ఓడింది.

ఎండాకాలం సముద్రమైంది. ఫోటో తియ్యడంలో భర్తది పాత చాదస్తమే. గడ్డం పైకెత్తమన్నాడు. గాలి చాల్లేదని, జుట్టు ఇంకా ఎగరాలని విసుక్కున్నాడు. నవ్వి నవ్వి ఆవిడకి దవడలు లాగేశాయి.

"ఇన్నేళ్ళూ జనాన్ని ఇలాగే చంపుకుతిన్నారా?" అంది, నవ్వు చెరగనివ్వకుండా.

"వాళ్ళు డబ్బిచ్చి మరీ చచ్చారు. నువ్వు మాట్లాడకు, పెదవి కదులుతోంది."

ఫోటో వెళ్ళింది. మాత్ర మింగాడని వదిన కబురు చేసింది. అన్నయ్య ఆ ఫోటోని చాలాసేపు చూశాడట. ఎడమ పక్క రెండో అల బ్రహ్మాండంగా కుదిరిందన్నాడట. చెల్లెల్ని వదిలేసి అలల్ని చూడ్డమేమిటని భర్త నొచ్చుకున్నాడు.

ఏ ఇంట్లో ఏం జరిగినా మూడో మాట తనదయ్యే పిన్ని ఒకావిడ ఉంది. ఈ సముద్రాన్ని ఎక్కడో చూసినట్టుందే అని ఆరా తీసింది. సముద్రాలన్నీ ఒకేలా ఏడుస్తాయి పిన్నిగారూ అని భర్త ఫోను పెట్టేశాడు.

వానాకాలానికి ఏ ఎడారో కావాలంటాడేమోనని ఇద్దరూ భయపడ్డారు. అన్నయ్య జలపాతం అడిగాడు. ఆవిడ నిలువునా తడిసి వారం రోజులు తుమ్మింది. అన్న ఊపిరందక ఎగపోస్తుంటే ఈవిడకి షికార్లు కావలసి వచ్చాయని పిన్ని చుట్టాలందరికీ పేరుపేరునా చెప్పింది. ఎవరూ కాదనలేదు.

ఆవిడ చూడబోయినప్పుడల్లా అన్నయ్య పక్కన కూర్చోబెట్టుకుని వింతలు చెప్పించుకునేవాడు. నీళ్ళు ఎంత ఎత్తునుంచి దూకాయో, ఆ హోరులో తన మాట తనకే ఎలా వినిపించలేదో ఆవిడ చెప్పేది. ఆయన కళ్ళు మూసుకుని వినేవాడు. ఒక్క ప్రశ్న కూడా వేసేవాడు కాదు.

చలికాలానికి మంచుకొండ అడిగాడు. అప్పటికే మాటకీ మాటకీ మధ్య ఊపిరి వెతుక్కుంటున్నాడు. ఈ ఒక్కసారికీ వద్దని, ఆయన కళ్ళెదుటే ఉంటానని ఆవిడ భర్త దగ్గర ఏడ్చింది. ఉంటే మాత్ర మానేస్తాడు. మానేస్తే మనిషే ఉండడు.

మంచుకొండ ఫోటో వెళ్ళింది. మంచు కాస్త ఎక్కువైంది అని నవ్వాడట అన్నయ్య. మాత్ర మింగాడట.

మర్నాడు సాయంత్రం ఇంకో ఫోటో. ఉన్ని కోటులో ఆవిడకి చెమటలు కారుతుంటే భర్త రుమాలు అందిస్తున్నాడు. అప్పుడు మోగింది ఫోను. మేనల్లుడు. నాన్న పోయారత్తా అన్నాడు.

ఆవిడ అలాగే గుమ్మం వైపు పరుగెత్తింది. భర్త రెక్క పట్టుకుని ఆపాడు. ఫోను తీసుకుని, ఎంత తొందరగా బయల్దేరినా రేపు మధ్యాహ్నానికి గానీ చేరలేమని మేనల్లుడికి చెప్పాడు. ఆవిడ కోటు విప్పకుండా నేలమీదే కూలబడింది.

చెల్లెలు వచ్చేదాకా కదపడానికి వీల్లేదని వదిన అందర్నీ ఆపింది. మర్నాడు మధ్యాహ్నం ఇద్దరూ పెట్టెతో దిగారు. పిన్ని గుమ్మంలోనే అందుకుంది.

"అన్న మంచం మీద, చెల్లెలు మంచు మీద. బాగుందే తల్లీ వరస."

ఆవిడ తలవంచుకుని లోపలికి నడిచింది. ఆ ఒక్క మాటకి బదులు చెప్పాలంటే ఏడాదంతా చెప్పాలి.

అంతా అయ్యాక, జనం పలచబడ్డాక, వదిన ఆవిణ్ణి లోపలి గదిలోకి తీసుకెళ్ళి తలుపు దగ్గరగా వేసింది.

"ఆ సముద్రం ఫోటో చూడగానే మీ అన్నయ్యకి అంతా తెలిసిపోయిందమ్మాయ్."

ఏం తెలిసిందని అడిగింది ఆవిడ.

"మందుల డబ్బు ఎక్కణ్ణించి వస్తోందో తెలిసింది. రచ్చ చేస్తే నువ్వు తట్టుకోలేవని నోరు మెదపలేదు, నన్నూ మెదపనివ్వలేదు."

ఫోటోలో మందుల సంగతి ఎలా కనిపిస్తుంది వదినా అని ఆవిడ బుకాయించబోయింది.

వదిన ఆవిడ చెయ్యి వదల్లేదు.

"మీ ఆయన మన దగ్గర ఊరికే ఏదీ పుచ్చుకోడని, మీరు స్టూడియో పెట్టిన కొత్తల్లో, ఫోటోల వెనక కట్టే ఆ తెరల మీద సముద్రాన్నీ, జలపాతాన్నీ, మొన్న నువ్వు నిలబడ్డ ఆ మంచుకొండనీ గీసి, వేరేవాళ్ళ చేత మీకు అమ్మించింది మీ అన్నయ్యే."