గుహ వాకిలి

కొండగుహలో ఏ రాజున్నా, సేనాపతి వాకిట్లో అడ్డంగా పడుకుని కాపలా కాయాలన్నది ఆ అడవి ఆచారం. పులిరాజుకు చండవేగుడనే తోడేలు అలాగే కాపలా కాశాడు. సింహం దండెత్తి వచ్చిన నాడు పక్కకు తప్పుకున్నాడు. పులి లోపలే చచ్చింది. సింహం ఏలుబడిలోనూ ఆ కొలువు అతనిదే. ఎలుగుబంటి వచ్చిన నాడూ అలాగే తప్పుకున్నాడు. "అంతా నా తోడేళ్ల గుంపు కోసమే" అని ప్రతిసారీ మనసుకు సర్దిచెప్పుకున్నాడు.

ఎలుగురాజు ఎదురొచ్చి, వేటలో మొదటి ముక్క అతనికే పెట్టాడు. చండవేగుడు తృప్తిగా తిని, వాకిట్లో నడుం వాల్చబోయాడు.

"అక్కడొద్దు సేనాపతిగారూ, లోపల మీకు మెత్తగా ఆకులు పరిపించాను. ఇకనుంచి వాకిట్లో నేనే పడుకుంటాను," అన్నాడు ఎలుగురాజు.

చండవేగుడు గుహ లోపలి చీకట్లోకి చూశాడు. ఆ గుహకు రెండో దారి లేదని అతనికన్నా బాగా ఎవరికి తెలుసు?