తమ్ముడి రక్తం

"సొంత తమ్ముడేగా, మీ కిడ్నీ అన్నయ్యకి కలవొచ్చు. ఇవాళే రక్తం ఇచ్చి వెళ్లండి," అని చెప్పి డాక్టరు వెళ్లిపోయింది.

అరవై ఏళ్ల దర్జీ ఓ అడుగు వెనక్కి వేశాడు.

డయాలసిస్ మంచం మీంచి అన్నయ్య, "వాడికి సూదంటే భయమమ్మా, వదిలేయండి," అన్నాడు.

"దర్జీకి సూదంటే భయమా?" నర్సు నవ్వబోయి మానేసింది. "కిడ్నీ అనేసరికి తోడబుట్టినవాడైనా ఇంతే."

ఆ మాటకి దర్జీ కుర్చీలో కూలబడి చొక్కా చెయ్యి పైకి మడిచాడు.

"వద్దురా," అన్నయ్య దిండు మీంచి తల ఎత్తాడు. "తెలిస్తే ఇల్లు ఖాళీ చేయిస్తారు. ఈ వయసులో ఎక్కడికి పోతాం?"

"నువ్వు పోయాక నాకు ఇల్లెందుకు?" దర్జీ నర్సు వైపు తిరిగాడు. "తీసుకోండమ్మా. కానీ ఇది తమ్ముడి రక్తం కాదు. ఇల్లు అద్దెకివ్వరని అన్నదమ్ములమని చెప్పుకున్నాం. ముప్పై ఏళ్లుగా మాది కాపురం."

నర్సు చేతిలో సూది ఆగిపోయింది. ఇద్దరూ దాని వంకే చూస్తున్నారు.