సీసాలో నీళ్ళు

ఎవరికీ చెప్పలేక ఇది రాస్తున్నాను. నేను చేసింది తప్పే, కానీ అక్కకు చెడు చెయ్యాలని కాదు. అక్క లా స్టూడెంట్, కాలేజీ యూనియన్ లీడర్. ఫ్యాక్టరీ మీద కేసు వెయ్యడానికి దాని పక్క కాలవలో నీళ్ళు సీసాలో పట్టి తెచ్చింది. నాన్న పనిచేసేది ఆ ఫ్యాక్టరీలోనే. ఆయన ఉద్యోగం పోతుందని భయమేసింది. అక్క సీలు వేసేలోపే అవి పారబోసి, మా వంటింటి కుళాయి నీళ్ళు నింపేశాను.

ఇవాళ ల్యాబ్ రిపోర్టు వచ్చింది.

"నిండా విషమేనే. ఇక వాళ్ళ పని అయిపోయినట్టే," అంటూ అక్క నన్ను పట్టుకుని గిరగిరా తిప్పింది. "ఆ మొహమేంటే, బోనెక్కేది నువ్వయినట్టు?"

నిజం చెబితే కేసు పోతుంది. చెప్పకపోతే...

అమ్మ తలుపు కొడుతోంది. "అన్నం పెట్టేశాను. వచ్చి అందరికీ గ్లాసుల్లో నీళ్ళు పొయ్యవే."

రాసిన ఈ కాగితాలు పరుపు కింద దాచేస్తున్నాను.